ముహూర్తపు చీరను కూర్చుని చూసి కొనాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పెళ్ళిళ్ళ కాలం రాబోతున్నదని మీ ఆదివారం అనుబంధంలో పెళ్ళికూతురి అలంకరణ గురించి ప్రచురించిన ప్రత్యేక పుటలను ఆసక్తితో చదివాను. చీరల రంగులు, రవికల మీది మగ్గం పని, వాటి ధరలు అన్నీ వివరంగా ఇచ్చారు. అయితే ఆ పుటలలోని బొమ్మలన్నింటిలోనూ అమ్మాయిలు నిలబడే ఉన్నారు. చేతులు కిందికి వదిలి, మెడ కాస్త పక్కకు వంచి, కొంగును నేల మీద పరచుకుని ఉన్నారు. తెలుగువారి పెళ్ళిలో పెళ్ళికూతురు అలా నిలబడేది ఫొటోలు తీసేవారు అడిగిన కాసేపే. మిగిలిన పెళ్ళి చాలావరకు పీటల మీద కూర్చునే జరుగుతుంది. మహిళా కళాశాలలో గృహవిజ్ఞానం, అందులోనూ ముఖ్యంగా వస్త్రాలు, కుట్టుపని బోధించి పదవీ విరమణ చేసినదానిగా ఈ విషయమై కొన్ని మాటలు మీ పాఠకుల ముందు ఉంచదలచాను.

పెళ్ళికూతురు ఆ రోజు చేసే పనులను ఒకసారి తలచుకుందాం. గౌరీపూజ దగ్గర బాసీపట్టు వేసుకుని కూర్చుంటుంది. మేనమామలు గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చే ఆచారం ఉన్న ఇళ్ళలో మోకాళ్ళు ముడుచుకుని ఒదిగి ఉంటుంది. అడ్డుతెర పట్టినప్పుడు జీలకర్ర బెల్లం అంటిన చేతిని వరుడి తల మీద ఆనించి, పురోహితుడు మంత్రం ముగించేదాకా దించకుండా ఉంచుతుంది. తలంబ్రాల వేళ దోసిలి పట్టి రెండు చేతులూ తలకన్నా ఎత్తుకు లేపుతుంది, అదీ ఒక్కసారి కాదు. కొంగుముడితో ఏడడుగులు నడుస్తుంది, లాజహోమంలో అగ్ని వైపు వంగుతుంది, అరుంధతిని చూడటానికి ఆరుబయటికి వెళ్ళి తల ఎత్తుతుంది. ఆమె తల్లిని ఎవరూ పట్టించుకోరు గానీ, కన్యాదానంలో భర్త వరుడి కాళ్ళు కడుగుతుంటే వంగి నీళ్ళు పోసేది ఆమే, వంటశాలకూ విడిదికీ మధ్య తెల్లవారుజామునుంచి తిరిగేదీ ఆమే. ఇన్ని పనులకు అక్కరకు రావలసిన బట్టను మనం నిలువుటద్దం ముందు చేతులు కదపకుండా నిలబడి ఎంచుకుంటున్నాం. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. ఒంటికి నప్పడం ఒకటి, ఒంటికి హాయిగా ఉండటం మరొకటి అనీ, పండుగ నాడు మొదటిదాని కోసం రెండవదాన్ని వదులుకోక తప్పదనీ మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. చంకలో కుట్టు కోసుకుపోతున్న మనిషి భుజాలు ఎత్తి బిగదీసుకుని కూర్చుంటుంది. అలా కూర్చున్న మనిషికి ఎంత ఖరీదైన జరీ అయినా నప్పదు.

దుకాణంలో జరిగే తంతు అందరికీ తెలిసినదే. బంధువులందరూ పరుపుల మీద చేరగిలబడతారు, అమ్మేవారు ఒకదాని మీద ఒకటిగా మడతలు విప్పి పరుస్తారు, నచ్చినదాన్ని అమ్మాయి నడుముకు బెల్టుతో బిగించి, కుచ్చిళ్ళు తీర్చి, అద్దం వైపు తిప్పుతారు. ఎవరో ఒకరు ఫోనులో ఫొటో తీసి అమెరికాలో ఉన్న అక్కకు పంపుతారు, అక్కడినుంచి అనుమతి రాగానే బిల్లు తయారవుతుంది. కట్టిన చీరను అలాగే కాసేపు ఉంచుకుని, ఆ పరుపు మీదనే బాసీపట్టు వేసుకుని కూర్చుని, లేచి, రెండు చేతులూ పైకెత్తి, నాలుగడుగులు వేసి చూడమని ఎవరూ అనరు. కూర్చున్నప్పుడు బిరుసు పట్టు పొట్ట దగ్గర ఎంత ఉబ్బుతుందో, పెద్ద అంచు మోకాలి మీద ఎలా విరుగుతుందో, లేచినప్పుడు కుచ్చిళ్ళు వాటంతట అవి సర్దుకుంటాయో లేదో అప్పుడు గానీ తెలియదు. ఇలా చూస్తామని అడిగితే కాదన్న వ్యాపారిని నేనైతే చూడలేదు. అడగడానికి మొహమాటం మనకే.

ఇక బరువు సంగతి. అంచూ కొంగూ నిండుగా జరీతో నేసిన పెళ్ళిపట్టు చీర కిలో దాటి తూగడం అరుదేమీ కాదు. ఆ బరువును మోసే చోట్లు రెండే: పిన్ను పెట్టిన ఎడమ భుజం, లంగా బొందు కట్టిన నడుము. చీర బరువెక్కిన కొద్దీ అది జారకుండా బొందును మరింత బిగించవలసి వస్తుంది, దాని మీద వడ్డాణం ఉండనే ఉంటుంది. నడుము మీద బొందు చార పడని తల్లులు మన ఇళ్ళలో తక్కువ. దాన్ని మామూలు విషయంగా తీసుకుంటాం గానీ, ఏళ్ళ తరబడి ఒకే చోట బిగిసిన నడుము కట్టు ఒరిపిడికి మానని పుండు పడి, అది చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు భారతీయ స్త్రీల ఉదంతాలను వైద్యులు 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఒక్క రోజు కట్టే పెళ్ళిచీరతో అంత పని జరుగుతుందని ఎవరినీ భయపెట్టడం లేదు. సన్నని బొందుకు బదులు మూడు వేళ్ళ వెడల్పున పట్టీ కుట్టించుకుంటే బరువు ఒక్క గీత మీద పడకుండా పరుచుకుంటుందనీ, చీర కూడా నిలుస్తుందనీ చెబుతున్నాను. ఇది దర్జీకి పూట పని కూడా కాదు. చీరను తూచి చూడటం అంతకన్నా తేలిక. బయటి ఊళ్ళకు పార్సెళ్ళు పంపే దుకాణాలలో తూకం యంత్రం ఉండనే ఉంటుంది. వంద గ్రాముల బంగారాన్ని మిల్లీగ్రాముల దాకా తూయించుకునే మనం, నాలుగైదు గంటలు భుజాన మోయబోయే చీర బరువు ఎంతని అడగకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

మన ముహూర్తాలలో చాలా భాగం మాఘ ఫాల్గుణాలలోనూ, వైశాఖ జ్యేష్ఠాలలోనూ వస్తాయి. వైశాఖంలో విజయవాడలోనో, ఖమ్మంలోనో, రామగుండంలోనో ఎండ 40 డిగ్రీలు దాటడం వింత కాదు. ముహూర్తం అర్ధరాత్రి పడినా వీడియో దీపాలూ, హోమాగ్నీ, మండపం చుట్టూ మూగిన జనమూ కలిసి పగటి వేడిని తిరిగి తెచ్చిపెడతాయి. ప్రయోగశాలలో పాటించే ప్రామాణిక వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం, పట్టు సుమారు 11 శాతం తేమను ఇముడ్చుకుంటాయి. పాలిస్టర్ ఇముడ్చుకునేది 0.4 శాతమే. నూలూ పట్టూ చెమటను పీల్చుకుని గాలికి వదులుతాయి గానీ పాలిస్టర్ దాన్ని ఒంటి మీదనే నిలబెడుతుందని దీని అర్థం. చాలామంది గమనించని చిక్కు ఇక్కడ ఒకటి ఉంది. వేలకు వేలు పోసి అసలు పట్టు చీర కొన్నవారు సైతం దాని లోపల పాలిస్టర్ శాటిన్ లంగా కడుతున్నారు, రవికకు పాలిస్టర్ క్రేప్ లైనింగు వేయిస్తున్నారు. ఒంటికి తగిలేది ఆ లోపలి పొరే కనుక పైనున్న పట్టు గుణం ఒంటికి చేరదు. సన్నగా కనిపించాలని ఈ మధ్య వాడుతున్న, ఒంటికి అతుక్కునే షేప్‌వేర్ లంగాలు నిలబడి అతిథులను పలకరించే రిసెప్షన్‌కు పనికి వస్తాయేమో గానీ, మోకాళ్ళ దగ్గర సన్నబడే ఆ కోతతో పీటల మీద బాసీపట్టు వేసుకోవడం కష్టం. నూలు లంగా, నూలు లైనింగు అని ముందే చెప్పి రాయించుకుంటే అయ్యే ఖర్చు పెళ్ళి బట్టల మొత్తంలో లెక్కకు రానిది.

పట్టు అసలుదో కాదో తేల్చుకోవడానికి కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్ మార్క్, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. సిల్క్ మార్క్ హామీ పట్టుకే గానీ జరీకి కాదన్నది గుర్తుంచుకోవాలి.

తేలికైన చీర పెళ్ళికి నిండుగా ఉండదన్న వాదనను నేను ఒప్పుకోను. నేత పద్ధతిలోనే తేలికదనం ఉన్న చీరలు మన రెండు రాష్ట్రాలలోనే ఉన్నాయి. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదనే జోడించి నేస్తారు కనుక ఒంటిని చుట్టుకునే భాగం నూలై, కళ్ళకు కనిపించే భాగం పట్టై ఉంటుంది. వేసవి ముహూర్తానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు తెలియదు. ఉప్పాడ జాందానీలో బుటాను, అంటే చీర మీది పువ్వు నమూనాను, ఆ చోటి వరకే చేతితో పోగు పెట్టి నేస్తారు, అందుచేత వెనుక వైపు వేలాడే దారాలు ఉండవు. వెనుక దారాలు వదిలేసిన భారీ బుటాల చీరలు మెట్టెలకూ పట్టీలకూ చిక్కుకుని పెళ్ళికూతురిని ఎంత విసిగిస్తాయో కట్టినవారిని అడిగితే చెబుతారు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌లో నమూనా అంతా ముందుగా రంగులద్దిన పోగులలోనే ఉంటుంది కాబట్టి ఎంత నిండైన నమూనాకైనా అదనపు పోగు బరువు పడదు. సన్నని నూలుకు పేరు పొందిన వెంకటగిరి, నారాయణపేట చీరలు పెళ్ళికూతురికి కాకపోయినా తల్లికీ, అత్తకూ, పిన్నమ్మలకూ చక్కగా అమరుతాయి. బరువైన ధర్మవరమో కంచి పట్టో కావాలనే కోరిక తప్పని నేను అనను. అది ఊరేగింపుకో, రిసెప్షన్‌కో కట్టి, పీటల మీదికి తేలికైనదాన్ని ఉంచుకోవచ్చు.

నిజానికి మన పెద్దలు చేసిన ఏర్పాటు కూడా ఇదే. చాలా కుటుంబాలలో పెళ్ళి క్రతువులో ముఖ్య ఘట్టాలకు వధూవరులు కట్టుకునేవి మధుపర్కాలు: ఎరుపు లేదా పసుపు అంచున్న తెల్లని నూలు బట్టలు. ఎంతటి సంపన్నుల పిల్లయినా ఆ ఘడియలో నూలు చీరలోనే ఉండేది. ఇప్పుడు మధుపర్కాలను కూడా అరచేయంత జరీ అంచుతో, మందపాటి పట్టుతో నేయించి ‘బ్రైడల్’ అన్న చీటీ తగిలించి అమ్ముతున్నారు. సంప్రదాయం పేరు చెప్పి బరువును సమర్థించేవారు ఈ ఒక్క చోటైనా సంప్రదాయాన్ని పాటిస్తే బాగుండును.

ఎవరికి ఏది నప్పుతుందన్న దాని గురించి కూడా కొంచెం చెప్పాలి. పొట్టిగా ఉన్నవారికి రెండు వైపులా జానెడు అంచు ఉన్న చీర కడితే అంచులే మనిషి ఎత్తును మూడు ముక్కలు చేస్తాయి. సన్నని అంచు, చిన్న బుటాలు, నిలువు చారలు వారిని పొడుగు చేసి చూపుతాయి. పొడుగ్గా ఉన్నవారికి ఆ పెద్ద అంచే అందం, అయితే వారు కొనేముందు పన్నా, అంటే చీర వెడల్పు, కొలిచి చూడాలి, ఎందుకంటే పన్నా చాలని చీరను ఎంత తీర్చి కట్టినా మడమల మీద తేలిపోతుంది. ఒళ్ళు ఉన్నవారు బిరుసు పట్టుకు దూరంగా, జారే మెత్తని పట్టుకు దగ్గరగా ఉంటే మంచిది. కుచ్చిళ్ళు ఒంటిని అంటిపెట్టుకుని పడతాయి. వారికి అయిదున్నర మీటర్ల చీరలో కుచ్చిళ్ళు ఎన్ని వస్తాయో కూడా కట్టి చూడాలి. కొన్ని దుకాణాలలో రవిక గుడ్డను కూడా కలిపి పొడవు చెబుతారు. మరీ సన్నగా ఉన్న అమ్మాయిలకు గంజి పెట్టిన నూలు, ఆర్గంజా వంటివి నిండుదనం ఇస్తాయి. రంగును దుకాణం దీపాల కింద నిర్ణయించవద్దు. చీర మడతను గుమ్మం దాకా తీసుకువెళ్ళి పగటి వెలుతురులో, చెంప పక్కన పెట్టి చూడాలి, ముహూర్తం రాత్రిదైతే ఇంటి దీపం కింద మరోసారి చూడాలి. చామనచాయకు ముదురు రంగులు నప్పవని అత్తగార్లు చెప్పే మాటలో ఏమీ లేదు. మెంతి రంగు, దానిమ్మ గింజ రంగు, నెమలికంఠం, తమలపాకు పచ్చ మన ఒంటి రంగులను చూసే అద్దినవి.

చీర కన్నా రవిక ఎక్కువ బాధ పెడుతుంది. చీరను వదులు చేసి మళ్ళీ కట్టుకోవచ్చు, రవికను ఏమీ చేయలేము. చేతులు సులువుగా లేవాలంటే చంక లోతుగా, వదులుగా కోయించాలని చాలామంది అనుకుంటారు. జరిగేది సరిగ్గా తారుమారు. చంక కోత కిందికి దిగితే చేయి ఎత్తినప్పుడల్లా రవిక మొత్తం చేతితో పాటు పైకి లేస్తుంది, నడుము దగ్గర చీరకూ రవికకూ మధ్య ఎడం పడుతుంది, ఛాతీ దగ్గర గుడ్డ ముడతలు పడుతుంది. చంక కోత పైకి, బాహుమూలానికి దగ్గరగా ఉండి, చేతి పై భాగంలో తగినంత గుడ్డ ఉంటే చేయి ఒంటరిగా కదులుతుంది. అనుభవం ఉన్న దర్జీలకు ఇది తెలుసు. కానీ ‘కొంచెం లూజు పెట్టండి’ అని మనం అనగానే వారు కూడా వాదించకుండా చంకను దించుతారు. తలంబ్రాలు పోసే భంగిమలో రెండు చేతులూ ఎత్తి కొలత చూడమని దర్జీని అడగండి. పాత ఆది రవిక ఇచ్చి వచ్చేయడం పెళ్ళి రవికకు పనికిరాదు, ఎందుకంటే ఆ ఆది రవిక కుట్టిన నాటి ఒళ్ళు వేరు, నేటి ఒళ్ళు వేరు, పైగా మగ్గం పని చేసిన గుడ్డ మామూలు గుడ్డలా సాగదు.

మగ్గం పని గురించి వేరుగా చెప్పవలసి వస్తోంది. పూసలు, జర్దోజీ తీగలు కుట్టిన గుడ్డ వెనుక వైపు ముళ్ళు ముళ్ళుగా ఉంటుంది. దాన్ని మొత్తం కప్పేలా, పని ముగిసిన తరువాతనే నూలు లైనింగు వేయాలి. ఆ లైనింగు గుడ్డను ముందుగా నీళ్ళలో నానబెట్టి ఆరవేయకపోతే మొదటి చెమటకో మొదటి ఉతుకుకో ముడుచుకుని రవికను బిగిస్తుంది. మోచేతి దాకా చేతులు కుట్టించుకునేవారు మోచేతి మడతకు పైనే చేతి అంచు ఆగేలా చూసుకోవాలి, లేకపోతే వంచిన ప్రతిసారీ పూసలు గీరుతాయి. పక్క కుట్టులో అంగుళం గుడ్డ వదలమని గట్టిగా చెప్పాలి. నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య ఉపవాసాలు చేసి చిక్కినవారూ ఉంటారు, విందులు తిని ఒళ్ళు చేసినవారూ ఉంటారు. ఆ అంగుళమే ఇద్దరినీ కాపాడుతుంది. విదేశాలలో ఉండి వీడియోలో కొలతలు చెప్పి ఇక్కడ కుట్టించుకునే మన పిల్లలకు ఈ గుడ్డ మరీ అవసరం. పాలిచ్చే తల్లులు వెనుక హుక్కుల రవికను ఎంచుకుంటే పెళ్ళిలో బిడ్డ ఏడ్చినప్పుడు పడే అవస్థ నేను వర్ణించనక్కరలేదు. సీమంతానికి బట్టలు కొనేవారు కూడా కొన్న నాటి ఒంటికి కాకుండా కట్టుకోబోయే నాటి ఒంటికి కొనాలి.

రెడీమేడ్ లెహంగాలు, గౌన్లు కొనే అమ్మాయిలకు మరో ఇబ్బంది ఉంది. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ లార్జ్ అవుతుంది. భారతీయుల కొలతలతో మనదైన సైజుల పట్టిక తయారు చేయడానికి జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ దేశంలోని ఆరు నగరాలలో పాతిక వేల మంది కొలతలను త్రీడీ స్కానర్లతో తీసే కార్యక్రమం చేపట్టింది. నేను చూసిన దుస్తుల చీటీల మీద మాత్రం ఇంకా పాత అక్షరాలే ఉన్నాయి. ఆ పట్టిక వాడుకలోకి వచ్చేదాకా చీటీని నమ్మకుండా టేపుతో ఛాతీ, నడుము, తుంటి కొలుచుకోవడమే దారి. లెహంగా గుండ్రంగా నిలవడానికి లోపల కుట్టే క్యాన్‌క్యాన్ వల కాళ్ళను గీరడమే కాదు, సింథటిక్ కాబట్టి నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. సంగీత్‌కు వేసుకోండి, హోమం దగ్గరికి మాత్రం వద్దు.

మార్పిడి విషయంలో పాఠకులకు చట్టం తెలిసి ఉండటం మంచిది. ఆషాఢం తగ్గింపులలో శ్రావణం పెళ్ళిళ్ళకు చీరలు కొనేవారు చాలామంది. ఆ బిల్లుల మీద ‘మార్పిడి లేదు’ అన్న ముద్ర తరచు కనిపిస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వెనక్కు తీసుకోవడానికి నిరాకరించడమూ అక్రమ వాణిజ్య పద్ధతులు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోను నంబరు 1915. అయితే ఈ రక్షణ లోపమున్న సరుకుకే. ఇంటికి వెళ్ళాక నప్పలేదనిపించిన చీరకు కాదు. దుకాణంలోనే కూర్చుని, లేచి, చూసుకోవాలని నేను ఇంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. మీ ప్రత్యేక పుటలలో చీర బొమ్మ కింద ధర ఎలాగూ వేస్తున్నారు. ఆ పక్కనే చీర ఎన్ని గ్రాములు తూగుతుందో, పన్నా ఎంతో, ఏ నూలుతో నేసినదో, రవిక లైనింగు ఏమిటో కూడా అచ్చువేయండి. మీరు అడిగితే దుకాణాలవారు ఈ వివరాలు ఇవ్వకుండా ఉండలేరు, ఒకసారి పత్రికలో వచ్చాక కొనేవారు కూడా అడగడం మొదలుపెడతారు. బొమ్మలలో కనీసం ఒకటైనా పెళ్ళికూతురు పీటల మీద కూర్చున్నదీ, మరొకటి తలంబ్రాలకు చేతులెత్తినదీ ఉండాలి. పెళ్ళికూతురి తల్లి వయసున్నవారికి కూడా ఒక పుట కేటాయించమని కోరుతున్నాను. మాఘమాసపు పుటలు మీరు పుష్యంలోనే వెలువరిస్తే మేలు, ఎందుకంటే ముహూర్తాలు మొదలయ్యాక చేయి తిరిగిన దర్జీ ఎవరూ కొత్త రవికలు తీసుకోరు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు,
తెనాలి